ఈగ గుడ్లకు పోసిన పాలు

"కాకా, ముప్ఫై ఏండ్లు ల్యాబుల ఏం చేసినవ్?" అని కొత్తగా పరిశోధనలో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఈగలకు వంట చేశాను. అంతకన్నా గొప్పగా చెప్పుకుందామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. కరీంనగర్‌లో మా జంతుశాస్త్ర విభాగం రిజిస్టరులో నా ఉద్యోగం ల్యాబ్ అసిస్టెంటు. చేసిన పని మాత్రం మక్కపిండి, బెల్లం, ఈస్టు, గడ్డకట్టడానికి చైనా గ్రాసు కలిపి జావ కాచి, సీసాల్లో పోసి, అరటిపండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగలను అందులో సాకడం. మా ఇంటావిడ చుట్టాలందరికీ చెప్పేది: "ఇంట్ల ఒక్కనాడు చాయ్ పెట్టడు గని, ఆడ ఈగలకు పూటపూటకు బువ్వ వండుతడు."

ఇంట్లో పెట్టనన్నది నిజమే. పెట్టడం రాదనుకుంటే మాత్రం పొరపాటు. నా చాయ్ ఎటువంటిదంటే, ఒక ఆడపిల్ల చదువు మునిగిపోవడానికి, మళ్లీ తేలడానికి కూడా అదే కారణం. ఆ సంగతే చెప్తాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు కాబట్టి ధైర్యంగా వినండి.

ఆ పిల్లది హుస్నాబాద్ అవతల ఒక చిన్న ఊరు. వాళ్ల బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు. మా విభాగంలో పరిశోధనకు చేరిన మొదటి రోజే నా దగ్గరికి వచ్చి, "కాకా, ఈగలకు ఉప్పు ఎయ్యవా?" అని అడిగింది. ముప్ఫై ఏళ్లలో ఆ జావ రుచి గురించి పట్టించుకున్న మనిషి ఆమె ఒక్కతే. అప్పుడే నాకు ఆ పిల్ల మీద ప్రేమ పుట్టింది.

ఆమెకు దారి చూపాల్సిన సార్ మోతుబరి ఇంటి మనిషి. మంథని దగ్గర పొలాలు. మనసు మంచిదే, కానీ నోరు చిల్లకంప. క్లాసులో ఆయన పాఠం చెబితే గోడలు కూడా నోట్సు రాసుకోవాల్సిందే. ల్యాబులో ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ల్యాబు సామాను నోట్లోకి పోకూడదు. ఒకసారి ల్యాబు బెల్లం కొంచెం చాయ్‌లో వేశానని నాకు మెమో ఇచ్చారు. "ఈగల నోటికాడి కూడు గుంజుకుంటవా నువ్వు?" అని కూడా అన్నారు. మెమో కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇక ఆమె చేస్తున్న పని. భయపడకండి, నాకు అర్థమైంది మీకు కాకుండా పోదు. ఈగ గుడ్డులో పిండం పెరిగేటప్పుడు వేలకొద్దీ కణాలు పక్కపక్కన నిలబడతాయి. ప్రతి కణానికీ తన పైవైపు ఏదో, కిందివైపు ఏదో తెలియాలి. అది తెలియకపోతే చర్మం చర్మంగా పెరగదు, పేగు పేగుగా పెరగదు, అంతా ముద్ద. మరి కణానికి ఎలా తెలుస్తుంది? పైఅంచున ఒక ఎంజైము కాపలా ఉంటుంది. తన దగ్గరికి వచ్చిన ఫలానా ప్రోటీనుకు అది ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలిన ప్రోటీను ఇక పైన నిలవడానికి లేదు, అంచు వదిలి పోవాల్సిందే. అట్లా పైన ఉండాల్సినవి పైన, కింద ఉండాల్సినవి కింద సర్దుకుంటాయి.

ఆమె ఇదంతా బోర్డు మీద గీసి చెబుతుంటే నాకు మందమర్రిలో మా బాపు గుర్తొచ్చాడు. బొగ్గుబాయిలో పని చేసేవాడు. దిగే ముందు పైన ఉండే గుమాస్తా ఆయన చేతిలో ఒక ఇత్తడి బిళ్ళ పెట్టేవాడు. బిళ్ళ చేతికి వచ్చిందంటే ఇక పైన ముచ్చట్లు బంద్, బాయిలోకి దిగాలి.

"అంటే గా ఎంజైము బిళ్ళలిచ్చే గుమాస్తా అన్నట్టు," అన్నాను.

ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "అబ్బ కాకా! గిదే ముచ్చట సార్ ఆర్నెల్ల సంది ఇంగ్లీషుల చెప్తుండు. గిప్పుడు సమజైంది."

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఫాస్ఫేటు పేరు బిళ్ళ. ఆమె పరీక్ష ఏమిటంటే, బిళ్ళ ఉన్న చోటును మాత్రమే పట్టుకుని మెరిసే మందు ఒకటి గుడ్లకు పెట్టి, సూక్ష్మదర్శినిలో చూడాలి. బిళ్ళలు పంచేది పైఅంచునే, కిందికి పోయాక అవి ఊడిపోతాయి; అందుకే మామూలు ఈగల గుడ్లలో ప్రతి కణం పైఅంచున సన్నని మెరుపుగీత కనబడాలి. ఆ గుమాస్తా ఎంజైము పనిచేయని ఈగల గుడ్లలో గీత ఉండకూడదు. అంతే. అది తేలితే ఆమె పరిశోధనకు పునాది పడినట్టు.

ఆ మందుతో ఒక తంటా ఉంది. దొరికిన ప్రతి చోటా అంటుకుంటుంది. అందుకని ముందుగా గుడ్లను పాలపొడి కలిపిన నీళ్లలో గంటసేపు ఊపుతారు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీట్లు పట్టినట్టు, ఖాళీ జాగాలన్నీ పాలు ముందే పట్టేస్తాయి. తర్వాత వచ్చిన మందు తనకు రాసిపెట్టిన చోటే కూర్చుంటుంది. నేను చేరినప్పటి నుంచీ మా ల్యాబులో ఏ పరీక్షకైనా ఇదే పద్ధతి. పాలు కలపడం, పోయడం, ఊపే యంత్రం మీద పెట్టడం, కడిగి ఇవ్వడం నా వంతు. ఆ గంటలో ఆమె కింది తరగతులకు ప్రాక్టికల్ చెప్పి వచ్చేది. నా పాలలో ఒక్క ఉండ ఉండేది కాదు. ఆ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

పరీక్ష మొదలుపెట్టారు. గుడ్లు మెరిశాయి. ఎంత మెరిశాయంటే బతుకమ్మ ముందు దీపాల్లా పైనా కిందా పక్కలా అంతటా మెరిశాయి. మామూలు గుడ్లూ అంతే, గుమాస్తా లేని గుడ్లూ అంతే. సార్ చూసి, "కడుగుడు తక్కువైంది," అన్నారు. ఎక్కువ కడిగాం. అంతే మెరుపు. "మందు ఎక్కువైంది." తగ్గించాం. అదే మెరుపు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి, ఈగల గది చల్లగా ఉంచడానికి నేను గోనెపట్టాలు తడిపి కట్టాల్సి వచ్చింది, మెరుపు మాత్రం తగ్గలేదు. ఆ పిల్ల మొహంలో ఉన్న మెరుపే తగ్గుతూ వచ్చింది.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు బంద్. దుకాణాలన్నీ మూశారు. సరిగ్గా ఆనాడే మా విభాగం చూడటానికి పైనుంచి నలుగురు పెద్దమనుషులు దిగారు. సార్ గదిలోంచి కేకేశారు: "నలుగురికి చాయ్ పట్రావయ్యా. మంచిగ, చిక్కగ."

పాలు ఎక్కడివి? చాయ్ దుకాణం మూసే ఉంది. క్యాంటీన్ మనిషి ఊరికి పోయాడు. నా కళ్ల ముందు అల్మారాలో ల్యాబు పాలపొడి డబ్బా ఉంది. మెమో గుర్తొచ్చింది. పెద్దమనుషులూ గుర్తొచ్చారు. డబ్బాలో ఉన్నదంతా చాయ్‌లోకి పోయింది. అందరూ మెచ్చుకున్నారు. సార్ అయితే రెండో గ్లాసు అడిగారు.

గ్లాసులు కడుగుతుంటే గుర్తొచ్చింది, ఆ పిల్ల గుడ్లు బల్ల మీద పాల కోసం ఎదురుచూస్తున్నాయి. డబ్బా ఖాళీ. చెబితే సార్ రెండో మెమో రాస్తారు. నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఇంతలో ఫ్రిజ్‌లో ఒక సీసా కనబడింది. ఆవు రక్తం నుంచి తీసిన ప్రోటీను పొడి, పాలపొడి పని అదీ చేస్తుందని ఎప్పుడో విన్నాను. అది సార్ బంగారంలా దాచుకునే సీసా, ఫ్రిజ్ తాళంచెవి మాత్రం నా దగ్గరే. రెండు చెంచాలు తీసి, కలిపి, పోసి, ఊపి, కడిగి, ఏమీ ఎరగనట్టు ఆ పిల్లకు అప్పజెప్పాను. ఒక దొంగతనం కప్పడానికి ఇంకో దొంగతనం. పెద్దలు ఊరికే చెప్పలేదు.

మరుసటి రోజు సూక్ష్మదర్శిని గదిలోంచి అరుపు. "కాకా! గీత! గీత వచ్చింది!"

పరుగెత్తాను. చీకటి మధ్య సన్నని గీత, కణం తర్వాత కణం, వరుసగా పైఅంచున. రెండో గాజుపలకలో, గుమాస్తా లేని గుడ్లలో, ఏమీ లేదు. వట్టి చీకటి. ఆమె నా భుజం పట్టుకుని ఊపేసింది. నేనూ సంబరపడ్డాను. సంబరపడుతూనే ఫ్రిజ్ తాళంచెవిని జేబులోకి ఇంకా లోపలికి తోసుకున్నాను.

సార్ వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "నిన్నటి దాక అంత మెరిసె. ఇయ్యాల వట్టి గీతే మిగిలె. ఏది నమ్మాలె? మల్ల చెయ్యి," అన్నారు.

మళ్లీ చేసింది. అప్పటికి నేను కొత్త డబ్బా కొని, అల్మారాలో పాత చోటే పెట్టేశాను. గుడ్లు అంతటా మెరిశాయి. ఇంకోసారి చేసింది. మెరిశాయి. అప్పుడు సార్ అందరి ముందూ అన్నారు: "పద్ధతిల తప్పు లేదు. మందుల తప్పు లేదు. నీ చేతులే కుదరట్లే. ఒకనాడు ఒక తీరు, ఇంకోనాడు ఇంకో తీరు."

నేను అక్కడే ఉన్నాను, ఈగల సీసాలు తుడుస్తూ. నాకు రసాయనశాస్త్రం తెలియదు. కానీ ఆ ఒక్కనాడు మారింది ఏమిటో లోకంలో నా ఒక్కడికే తెలుసు. నోరు తెరవలేదు. తుడిచిన సీసానే మళ్లీ తుడిచాను. పిల్లలారా, నేను చేసిన తప్పు చాయ్ పెట్టడం కాదు, ఆ సీసా తుడవడం. పదకొండు రోజులు తుడిచాను.

ఆ పదకొండు రోజుల్లో ఒక ఆదివారం ఆమె ఇంటికి పోయి వచ్చింది. సోమవారం పొద్దున ఈగల గదిలో స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటోంది.

"ఏమైంది బిడ్డా?"

"కాకా, మా బాపు మగ్గం మీద పోగు తెగితే, తెగినట్టు మనకు తెల్వకముందే ముడి ఏస్తడు. మా అవ్వ కండెలు చుడ్తది, ఒక్క పోగు చిక్కువడదు. చేతులు కుదరట్లే అన్న మాట మా ఇంట్ల ఎవ్వరు పడలే. నేనే పడ్డ."

"బాపుకు చెప్పినవా?"

"చెప్పిన. నా చెయ్యి పట్టుకొని చూసిండు, గంతే." స్టూలు మీంచి లేచి అన్నది, "కాకా, జర ఒక తెల్లకాగితం ఇయ్యవా? రేపు నా పని చూసే కమిటీ ఉన్నది కదా. వాళ్లు పొమ్మనకముందే నేనే మానేస్త అని రాసిస్త."

కాగితం ఇచ్చాను. సిగ్గులేకుండా పెన్ను కూడా ఇచ్చాను. ఇంటికి పోయాక అన్నం సహించలేదు. మా ఆవిడ, "ఏంది, ఈగలు చచ్చిపోయినయా?" అని అడిగింది. ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాటా తిట్టలేదు. "మెమో ఇస్తె నేను దాచి పెడ్తగని, ఆ పిల్లకు చెప్పు ముందుగాల," అన్నది.

చెబుదామనే పోయాను. కానీ పొద్దున్నే కమిటీ కూర్చుంది. సార్, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు, అధ్యక్షురాలిగా ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక మేడం. ఆమెవి నెరిసిన జుట్టు, నూలు చీర, మరాఠీ కలిసిన మాట. నేను చాయ్ ట్రే పట్టుకుని తలుపు తీసేసరికి ఆ పిల్ల కాగితం మేడం చేతిలో ఉంది.

"మానేస్తనంటున్నవ్. ఎందుకు?" అడిగింది మేడం.

"నా చేతులు కుదరట్లేవు మేడం."

ఏం ధైర్యం వచ్చిందో తెలియదు. ట్రే చేతిలో ఉండగానే, "ఆమె చేతులు మంచిగనే ఉన్నయి. పాలు మారినయి," అన్నాను.

సార్ కళ్లు ఎర్రబడ్డాయి. "బయటికి పో," అన్నారు.

మేడం చెయ్యెత్తింది. "కాయ్ ఝాలా దాదా? ఏమైంది అన్నా, చెప్పు. ఏం పాలు?"

చెప్పేశాను. బంద్, డబ్బా, చాయ్, ఫ్రిజ్‌లో సీసా, కొత్త డబ్బా, అన్నీ. "సార్ సుత తాగిన్రు. బాగుందని ఇంకో గ్లాసు అడిగిన్రు," అని కూడా కలిపాను. ఆ చివరి మాట అవసరం లేదు, కానీ మునిగేవాడికి తోడు ఉంటే బాగుంటుందనిపించింది.

నేను ఆ పిల్ల వైపు చూడలేదు. ఆమె నన్ను చూస్తోందని మాత్రం తెలుస్తోంది.

మేడం నా వైపు కాదు, ప్రొఫెసర్ల వైపు తిరిగింది. "బిళ్ళ... అదే ఫాస్ఫేటును వెతికే పరీక్షల పాలు పోస్తరా మీరు?" ఆ పిల్ల కాగితాల్లో మా బిళ్ళ మాట ఎక్కడో చొరబడి ఉంటుంది, మేడం నోటికీ వచ్చేసింది. తర్వాత ముగ్గురినీ వరుసగా చూస్తూ అడిగింది: "ఫాస్ఫోప్రోటీనుకు ఒక ఉదాహరణ చెప్పుండ్రి."

ముగ్గురూ ఒకేసారి నోరు తెరిచి, ఒకేసారి మూశారు.

నేను చెప్పగలను. ముప్ఫై ఏళ్లు బోర్డు తుడిచినవాణ్ని. రెండు మార్కుల ప్రశ్న, ప్రతి ఏడూ వస్తుంది: ఫాస్ఫోప్రోటీనుకు ఉదాహరణ, పాలలోని కేసిన్. సార్ తన చేత్తో రాసి, కింద రెండు గీతలు గీసి, "గిది రాకపోతె పరీక్షకు రాకుండ్రి" అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో. పాలలోని ఆ ప్రోటీనుకు ఒళ్లంతా బిళ్ళలే. బిళ్ళలు వెతికే మందును మేమే పాలలో ముంచిన గుడ్ల మీద పోస్తున్నాం. మెరవక ఏం చేస్తాయి? అటువంటి పరీక్షకు పాలు పనికిరావు, బిళ్ళలు లేని ఆ ఆవు రక్తం పొడే పనికొస్తుంది. పాత అలవాటు, పాత డబ్బా. అంతమంది డాక్టరేట్లు, రెండు మార్కులు పోయాయి.

సార్ చేతిలోని పెన్నుకు మూత పెట్టారు. "ముప్ఫై ఏండ్ల సంది చెప్తున్న," అన్నారు మెల్లగా.

మేడం ఆ తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చాయ్ గ్లాసు కింద వేసుకుంది. "రెండు వారాలు ఇస్తున్న. పాలతోని కొన్ని జతలు, పాలకు బదులు ఫ్రిజ్‌ల పొడితోని కొన్ని జతలు. ఏ సీసాల ఏముందో ఈ దాదా అంకెలు ఏసి దాచిపెట్టాలె, పిల్లకు చెప్పొద్దు. చేతులు కుదుర్తున్నయా లేదా అప్పుడు చూద్దాం." తర్వాత గ్లాసు ఎత్తి నన్ను అడిగింది, "దాదా, గిది ఏ పాలు?"

"బర్రె పాలు మేడం. ఒట్టు."

బయటికి వచ్చాక ఆ పిల్ల వరండాలో నన్ను పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. తర్వాత తిట్టింది. "పదకొండు రోజులు కాకా! నా మొఖం చూస్కుంట ఎట్ల ఉన్నవ్?" అన్నది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఈగల గదిలోకి వచ్చి, జావ గిన్నెలో తొంగి చూసి, "ఉప్పు ఎయ్యి," అన్నది.

పరీక్ష జరిగింది. అంకెలు నా చొక్కా జేబులో. ఆమె చేసింది, చూసింది, రాసింది. జేబులోంచి చీటీ తీసి ముందు పెట్టాను. పాలు లేని ప్రతి జతలోనూ మామూలు గుడ్లలో గీత, గుమాస్తా లేని గుడ్లలో చీకటి. పాలు పోసిన ప్రతి జతలోనూ వెలుగుల జాతర. ఒక్కటి కూడా తప్పలేదు. సార్ చీటీ రెండుసార్లు చదివి నా చేతికి ఇచ్చారు. దానితో పాటు మెమో కూడా ఇచ్చారు. నియమం నియమమే కదా. అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మా ఆవిడ పెళ్లి ఫోటో పక్కన పెట్టింది.

నెల తర్వాత ఆమె వాళ్ల బాపును తీసుకొచ్చింది. ఉతికిన తెల్ల చొక్కా, చెవుల వెనక ఇంకా అంటుకుని ఉన్న నూలు దుమ్ము. సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాం. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించి, ఆయన కదలకుండా చూశాడు. సార్, ఆ పిల్ల, నేను వెనక నిలబడ్డాం, ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లాగా.

"సన్నగున్నది," అన్నాడు. ఇంకాసేపు చూశాడు. "యాడ తెగలే."

లేచి బిడ్డ కుడిచెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. "ఎవలన్నరు బిడ్డా, గీ చేతులు కుదర్తలేవని?"

ఆ పిల్ల నేల చూసింది. చెప్పింది సార్. "నేనే అన్న, అన్నా. తప్పు మాటన్న." నా నోరు ఈసారి పదకొండు రోజులు ఆగలేదు. "తప్పు నాది. పాలు నేనే పోసిన," అన్నాను.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. "సరే గని," అన్నాడు, "పొద్దున బస్సెక్కినోన్ని. ఇద్దరు కలిసి జర చాయ్ పొయ్యిండ్రి."

నేను పెట్టాను. ట్రే మాత్రం సార్ నా చేతిలోంచి తీసుకున్నారు. ముప్ఫై ఏళ్లలో ఆయన ట్రే పట్టగా చూడటం అదే మొదలు. నాలుగు అడుగులు వేశారో లేదో ట్రే ఒరిగి, చాయ్ ఒలికి సాసర్లు నిండాయి.

ఆ పిల్ల సాసరు అందుకుని, సార్ మొహంలోకి చూసి, "చేతులు కుదరట్లే సార్," అన్నది.

అందరికన్నా ముందు నవ్వింది సారే.